మనుషులు లేని ఊళ్లో బస్సు

జూన్ 3, మంగళవారం

మా ఇంట్లోకి లాప్‌టాప్ వచ్చింది. తమ్ముడు తెచ్చాడు. వాడికి కంప్యూటర్లు బాగుచేసే షాపుంది. ఎవరో బాగుకిచ్చి మళ్లీ రాలేదట. మూత నిండా గీతలు, ఒక మూల విరిగిపోయింది. బావ అలా గోడకేసి చూస్తూ కూర్చుంటే గోడకి కన్నం పడుతుందక్కా, కాస్త ఇటు చూడనీ అన్నాడు.

వాడి బావ, అంటే మా ఆయన, ఇరవై నాలుగేళ్లు సిటీ బస్సు నడిపారు. ఒక్క మచ్చ లేదు. ఏప్రిల్లో మార్కెట్ మలుపు దగ్గర ఒకావిడకి బస్సు తగిలి తుంటి ఎముక విరిగింది. ఆవిడ ఏదో స్కూల్లో వంట చేస్తుంది. అప్పటి నుంచి ఈయనకి సస్పెన్షన్. ఆగి ఉన్న లారీ చాటు నుంచి ఉన్నట్టుండి వచ్చిందని ఈయన రాసిచ్చారు. తను అప్పటికే రోడ్డు మధ్యలో ఉందని, డ్రైవరు తల దించుకుని వస్తున్నాడని ఆవిడ రాసిచ్చింది.

ఈ నెల 24న ఎంక్వయిరీలో తేలుస్తారు. ఈయన మాట నిలిస్తే సీటు తిరిగొస్తుంది. ఆవిడ మాట నిలిస్తే ఇక జన్మలో స్టీరింగ్ పట్టనివ్వరు.

దేవుణ్ణి రోజూ ఒకటే అడుగుతున్నాను. ఆ మనిషి చేత నిజం చెప్పించు తండ్రీ అని.

జూన్ 4, బుధవారం

తమ్ముడు బస్సు నడిపే గేమ్ ఎక్కించాడు. కదలదే. రోడ్డు కాసేపు, తెల్ల తెర కాసేపు. ఫ్యాను మాత్రం ప్రెషర్ కుక్కర్‌లా అరుస్తుంది.

దీనికి వేరే గ్రాఫిక్స్ కార్డు లేదక్కా అని వివరించాడు. లెక్కలు చేసే చిప్పే బొమ్మలూ గీయాలట. మెమరీని కూడా ఆ రెండు పనులూ పంచుకోవాలట. ఒకే పొయ్యి మీద అన్నమూ కూరా ఒకేసారి ఉడకాలంటే ఎలాగో అలాగ. అందుకని ఒక్కొక్కటే తీసేశాడు. నీడలు తీసేశాడు. చెట్లు, వాన, అద్దాల్లో కనిపించే వెనక రోడ్డు తీసేశాడు. చివరికి మనుషుల్నీ తీసేశాడు. అప్పుడు కదిలింది. మూలన పచ్చ అంకె పడుతుంది, సెకనుకి ఎన్ని బొమ్మలో. తొమ్మిది నుంచి ఇరవై ఆరుకి వచ్చిందని వాడికి పెళ్లి కుదిరినంత సంబరం.

బావ డ్యూటీ ఎక్కాడని తెలిసి ఊరంతా తలుపులు వేసుకుంది చూడక్కా అన్నాడు.

ఆయన నవ్వలేదు. నేను వాడి మోచేతి మీద గిల్లాను.

జూన్ 6, శుక్రవారం

పొద్దున ప్రార్థనకి కూర్చుంటే స్తోత్రాల పుస్తకం లేదు. ఇల్లంతా వెతికాను. లాప్‌టాప్ కింద ఉంది. కింద గాలి ఆడకపోతే వేడెక్కి నెమ్మదిస్తుంది, దళసరిగా ఉందని పెట్టాను అన్నారు.  పుస్తకం కళ్లకద్దుకుని తీసుకున్నాను. బదులుగా కింద పెట్టుకోమని నాలుగు సీసా మూతలు ఇచ్చాను.

అయినా కోపం నిలవలేదు. రెండు నెలల తర్వాత ఆయన భుజాల బిగువు సడలింది. ఖాళీ ఊళ్లో ఖాళీ బస్సు. ప్రతి స్టాపులో ఆపుతారు, తలుపులు తెరుస్తారు, ఎవరూ ఎక్కరు, మూసి బయల్దేరతారు. ఎవరూ లేకపోయినా ఇండికేటర్ వేస్తారు.

జూన్ 9, సోమవారం

తమ్ముడు కొద్దిగా మనుషుల్ని పెట్టి చూశాడు. అంకె పద్దెనిమిదికి పడిపోయింది. చూపు దూరం బాగా తగ్గించాడు, అంటే బస్సుకి ఇరవై అడుగుల లోపు వస్తేనే మనిషిని గీస్తుందన్నమాట. అంతదాకా ఉత్త రోడ్డే. ఉన్నట్టుండి ఎదురుగా ఒక మనిషి.

ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. నన్ను వంటింట్లోంచి పిలిచారు. చూడు, ఆ రోజు సరిగ్గా ఇలాగే, గాల్లోంచి ఊడిపడ్డట్టు వచ్చింది, ఎవడు ఆపగలడు అన్నారు.  నాకు కళ్లనీళ్లు తిరిగాయి. ఇంతకాలం ఈ మనిషి మోస్తున్నది ఇదన్నమాట.

జూన్ 10, మంగళవారం

ఆవిడ ఇంటికి వెళ్లాను. ఆయనకి చెప్పలేదు.

రెండు గదులు. వాకర్ పట్టుకుని తలుపు తీసింది. నా కంటే రెండు మూడేళ్లు పెద్దదేమో. నేను ఎవరి మీదా గొంతు పెంచి ఎరగను. మెల్లగానే అడిగాను. లారీ చాటు నుంచి వచ్చానని ఒప్పుకుంటే నీకేం పోతుందమ్మా, నిన్నెవరూ జైల్లో పెట్టరు కదా, అబద్ధం చెబితే దేవుడు చూస్తాడు అన్నాను.

ఆవిడ నా మొహంలోకి చూసింది. చూస్తే మంచిదేనమ్మా అంది. కూర్చో, మంచినీళ్లు తాగి వెళ్లు అంది.

నేను తాగలేదు.

జూన్ 15, ఆదివారం

తమ్ముడికి సెలవు. షాపు నుంచి ఇంకో మెమరీ ముక్క తెచ్చి లాప్‌టాప్ వెనక విప్పి బిగించాడు. ఒకటి ఉంటే ఒంటెద్దు బండి, రెండుంటే జోడెద్దులు, బొమ్మలకి ప్రాణం వస్తుంది చూడు అన్నాడు. నిజంగానే అంకె ముప్ఫై ఎనిమిది. వాడు ఉత్సాహపడి చూపు దూరం పెంచాడు, మనుషుల్ని పెంచాడు.

వీధి చివరి దాకా కనిపించింది. దూరంగా ఒకామె సంచి పట్టుకుని రోడ్డు దాటుతోంది. చిటికెన వేలంత ఉంది. బస్సు వెళ్తుంటే పెద్దదవుతోంది. ఆపడానికి బోలెడు టైముంది. నాకే తెలుస్తోంది, నాకు సైకిల్ కూడా రాదు.

ఆయన ఆపారు. ఆమె దాటిపోయింది. ఆయన బస్సు కదపలేదు. వెనక హారన్లు. ఏంటి బావా, ఇంజను ఆగిందా అని తమ్ముడు వెక్కిరించాడు. ఆయన మూత మూసేసి లోపలికి వెళ్లి పడుకున్నారు.

మధ్యాహ్నం అన్నానికి లేవలేదు.

జూన్ 16, సోమవారం, పొద్దున పదకొండు

చెప్పారు.  అంతా ఇప్పుడే రాస్తాను, లేకపోతే రేపు నేనే మార్చి చెప్పుకుంటాను.

ఆవిడ లారీని దాటి ఎప్పుడో వచ్చేసిందట. సగం రోడ్డు నడిచిందట. తల ఎత్తి ఉంటే ఎనభై అడుగుల నుంచే కనిపించేదట. ఈయన తల దించుకుని ఉన్నారు. ఆవిడ చెప్పింది చెప్పినట్టు నిజం.

ఎందుకు దించారండీ అని అడిగాను.  మళ్లీ అడిగాను. ఫోన్ అన్నారు. ఎవరు చేశారు అన్నాను. అప్పుడు నా వైపు చూశారు.

మాకో అలవాటుంది. సాయంత్రం ప్రార్థన అవగానే నేను ఒక్క రింగు ఇచ్చి పెట్టేస్తాను. మీ పేరు కూడా చెప్పుకున్నాను, క్షేమంగా రండి అని దానర్థం. ఆయన ఎత్తరు. పన్నెండేళ్లుగా ఒక్క రింగే. ఆ రోజు ఆగకుండా మోగిందట. ఐదు, ఆరు, ఏడు. నాకేదో అయిందనుకున్నారట. జేబులోంచి తీసి చూశారట.

ఆ రోజు పాలు పొంగాయి. ఫోన్ గట్టు మీద పడేసి పొయ్యి దగ్గరికి పరిగెత్తాను. కట్ చేశాననే అనుకున్నాను.

ఉద్యోగం కోసం అబద్ధం ఆడలేదు అన్నారు. నీ ప్రార్థన వల్ల ఒక మనిషి తుంటి విరిగిందని నీకెలా చెప్పమంటావు అన్నారు.

అదే రోజు, సాయంత్రం

ప్రార్థనకి కూర్చున్నాను.  రెండు నెలలుగా నిజం చెప్పించమని అడిగాను. నిజం మొదటి రోజే చెప్పిన మనిషి ఇంటికి వెళ్లి, దేవుడి పేరు చెప్పి బెదిరించి వచ్చాను. ఆవిడ నన్ను కూర్చోమంది.

జూన్ 18, బుధవారం

తమ్ముడికి చెప్పక తప్పలేదు. వాడు స్క్రూడ్రైవరు కింద పడేశాడు. తర్వాత మొదలుపెట్టాడు. సాక్ష్యం చెప్పేవాళ్లు లేరు, కెమెరా లేదు, చెట్టంత సర్వీసు ఉంది, గోటితో పోయేదానికి గొడ్డలెందుకక్కా, నువ్వు నోరు మూసుకుంటే బావ బస్సెక్కుతాడు అన్నాడు. నీ భక్తితో కొంపలు ముంచకు అని కూడా అన్నాడు.

నోరు మూసుకోవడం నాకు బాగా వచ్చు. యాభై ఏళ్లుగా అదే చేస్తున్నాను.

ఆయనతో ఒక్కటే అన్నాను. ఫోన్ చేసింది నేను. తల దించింది మీరు. ప్రార్థనకి దీంతో పని లేదు. ఇద్దరం వెళ్లి చెబుదాం.

ఇరవై నాలుగేళ్లు అన్నారు. 

జూన్ 21, శనివారం

ఇంకా అవునని అనలేదు. లాప్‌టాప్ తెరవలేదు.

జూన్ 24, మంగళవారం

నన్ను ఎంక్వయిరీ గదిలోకి రానివ్వలేదు. వరండాలో బల్ల మీద కూర్చున్నాను. పక్క బల్ల మీద వాకర్ పట్టుకుని ఆవిడ.  నా కాగితం, ఆ రోజు ఫోన్ ఎలా మోగిందో నేను రాసినది, ఆయన చేతికిచ్చాను. చివరి నిమిషం దాకా చొక్కా జేబులో దాన్ని నొక్కుతూనే ఉన్నారు.

తర్వాత ఆవిణ్ణి పిలిచారు. పది నిమిషాల్లో బయటికొచ్చింది. నా ముందు ఆగింది. మీ ఆయన చెప్పేశాడమ్మా అంది. నేను చేతులు జోడించాను.  ఆవిడకి చేతులు ఖాళీ లేవు. తల ఊపింది. ఇంటికి రండి అంది. ఇద్దరూ రండి అంది.

ఆయన ఆఖరున వచ్చారు. లైసెన్సు అక్కడే తీసేసుకున్నారు. ఇక డిపోలో టైర్ల సెక్షన్‌లో పనట. ఎందుకు ముందు చెప్పలేదయ్యా అని ఆఫీసరు అడిగితే తల వంచుకున్నారట. నా కాగితం మాత్రం జేబులోనే ఉంది. ఇవ్వలేదు. ఫోన్ నీదైనా నా కళ్లు నావే కదా అన్నారు.

జూన్ 29, ఆదివారం

ఆవిడ ఇంటికి బస్సులో వెళ్లాం. ఇన్నేళ్ల కాపురంలో బస్సులో ఆయన నా పక్క సీట్లో కూర్చోవడం ఇదే మొదలు. ఎవరైనా రోడ్డు దాటుతుంటే చాలు, ఆయన కుడి పాదం బ్రేకు వేసినట్టు నేలని నొక్కుతోంది.

నేనూ నొక్కాను.