మాఫీ అడిగిన ఈద్

సితీ,

నువ్వు మీ జావాకు పోయి, ఆడనే సచ్చిపోయి యాడాదైంది. ఈ కాయితం నీకు అందదు. అందినా నీకు తెలుగు రాదు. అయినా రాస్తున్న. నీ పుణ్యాన ఇయ్యాల మా తమ్ముడు నాతోని మాట్లాడిండు.

ఈ అరబ్బు దేశంల మనల్ని పనికి తెచ్చుకున్న సేటు, ఒక్క కఫీల్ ఇంట్లనే మనం పనిచేసినం, నువ్వు వంటకు, నేను తోటకు. మొదటి ఈద్ నాడు నా దగ్గరికొచ్చి "భాయ్, నన్ను మాఫ్ చెయ్యి" అని చేతులు జోడించినవు. ఏమో దొంగతనం చేసినవనుకొని ఉరికిపోయి నా పెట్టె ఎతికిన. నువ్వు నవ్వీ నవ్వీ కూలవడ్డవు. మీ దేశంల ఆ పండుగకు అందరు అందర్ని మాఫీ అడుగుతరట, దూరమున్నోళ్లకు ఫోన్ల మెసేజ్ పెడుతరట.

"నీ తమ్మున్ని గూడ అడుగు" అన్నవు. పొలం గట్టు పంచాయితిల వాన్ని కొట్టిన, అప్పటిసంది మాటల్లేవు. "తప్పు వానిది, నేనడుగ" అన్న. ప్రతి ఈద్‌కు చెప్పినవు, ప్రతిసారి నిన్ను తిట్టిన.

ఇయ్యాల ఈద్. ఫోన్ కార్డు మీది నంబరు గీకి ఊరికి ఫోన్ చేసిన. "మల్లిగా, నన్ను మాఫ్ చెయ్యిరా" అన్న.

"అన్నా, పానం మంచిగున్నదా?" అన్నడు. ఏడుస్తుండు.

"మంచిగనే ఉన్న. చెల్లె అడగమన్నది, అడుగుతున్న."

"మనకు చెల్లె ఏడున్నదే అన్నా?"

"ఉండెరా" అన్న.