బంతి నా ఒళ్ళో పడింది

టొలీడో, ఒహాయో
జులై నెల

మామీ మ్యూల్స్ సాకర్ క్లబ్బులో ప్రేక్షకుల సంగతి చూసే మేనేజరు గోర్డన్ ఫెల్చ్ గారికి, మీ స్టేడియం వెనక వీధిలో, వంటింటి కిటికీ మీవైపే తెరుచుకునే ఇంట్లో ఉండే హెస్టర్ ప్రూయిట్ మండిపడుతూ రాయించేది.

అయ్యా,

మీ నోటీసు అందింది. నాకు చదువు రాదు. కెంటకీ కొండల్లో మా నాన్న నన్ను బడికి బదులు పొగాకు చేలోకి పంపాడు. అందుకని ఎదురింటి నోరీన్ చదివి వినిపించింది. ఈ జవాబు కూడా ఆవిడ చేతే రాయిస్తున్నాను. నేను చెప్పింది చెప్పినట్టు రాయాలి, ఎక్కడా మెత్తబెట్టొద్దు అని ముందే ఒట్టు వేయించుకున్నాను.

"క్లబ్బుకు చెందిన రెండు బంతులు మీ దగ్గర ఉంచేసుకున్నారు, సంజాయిషీ ఇవ్వండి" అంటారా? డెబ్బై ఎనిమిదేళ్ళ బతుకులో పరాయివాళ్ళ గుండుసూది ముట్టనిదాన్ని, దొంగనా నేను?

నేను అసలు మీ ఆట చూడ్డానికి రాలేదు, తిట్టడానికి వచ్చాను. వసంతం మొదలైంది మొదలు, శనివారమొస్తే చాలు, మీ డప్పులకు నా అలమరలో గిన్నెలు చిందులేస్తున్నాయి. ఆ డప్పులవాణ్ణి నాలుగు దులుపుదామని గేటు దగ్గరికి వచ్చాను. గేటు దగ్గరి పిల్ల నా మాట వినకుండానే "రండి బామ్మగారూ, ఆలస్యమైపోయింది" అంటూ టిక్కెట్టు చించి చేతిలో పెట్టింది. లోపల ఆ డప్పులవాడే ఎదురయ్యాడు. ఎద్దులాంటి మనిషి, మెడదాకా పచ్చబొట్లు, పేరేమో టైనీ, అంటే బుల్లోడు! నేను నోరు తెరిచేలోగా తన మెడలోని ఉన్ని కండువా తీసి నా మెడలో వేశాడు. మండుటెండలో ఉన్ని కండువా! వీళ్ళకు మతి లేదనుకున్నాను. ఆ కండువా ఆ తర్వాత ప్రతి శనివారమూ నా మెడలోనే ఉంది. అది వేరే సంగతి.

ఇక బంతి సంగతి. మొన్న శనివారం మనవాడొకడు కాలితో ఎగరేసి తన్నాడు. అది నేరుగా వచ్చి నా ఒళ్ళో పడింది. ఈ దేశంలో జనంలోకి వచ్చిన బంతి ఎవరిదండీ? పట్టుకున్నవాళ్ళది! బేస్‌బాల్ ఆటలో మా ఆయన క్లీటస్ పట్టుకున్న బంతి ఇప్పటికీ మా రేడియో మీద కూర్చుని ఉంది. దాన్ని వెనక్కి ఇమ్మని అడిగిన మొనగాడు లేడు.

ఊదా చొక్కావాడు, అవతలి జట్టువాడు, కంచె దగ్గరికి పరిగెత్తుకొచ్చి "అమ్మా, మీ కాళ్ళు మొక్కుతాను, బంతి ఇవ్వండి, మేం ఓడిపోతున్నాం!" అన్నాడు. "ఓడిపోయేవాడివి ముందునుంచీ బాగా ఆడాల్సింది" అన్నాను. నా చుట్టూ మనవాళ్ళంతా గొంతు చించుకుని "కూర్చో బామ్మా! కూర్చో!" అని అరవడం మొదలెట్టారు. ఎవరూ ఎప్పుడూ కూర్చోని చోట నన్నొక్కదాన్నే కూర్చోమన్నారు. వయసుకు మర్యాద కాబోలు, పిల్లలు బుద్ధిమంతులే అనుకుని, వేరే ఆసనం ఏదీ లేక, ఆ బంతి మీదే కూర్చున్నాను. వాళ్ళు ఇంకో బంతి తెచ్చుకున్నారు. మనవాడు దాన్నీ ఇటే తన్నాడు. అది నా కాళ్ళ దగ్గరికే దొర్లుకుంటూ వచ్చింది. దేవుడు ఇవ్వదలుచుకుంటే రెండు చేతులా ఇస్తాడు.

ఇందులో నేరమేముందో చెప్పండి.

ఇట్లు,
హెస్టర్ ప్రూయిట్
(కింది ఇంటూ గుర్తు నాదే)

తా.క. ఆ తర్వాత మీవాళ్ళు తెచ్చిన మూడో బంతిలో గాలి లేకపోవడం కూడా నా తప్పేనా?

*

ఆగస్టు మొదటి వారం

శ్రీమతి హెస్టర్ ప్రూయిట్ గారికి, మ్యూల్స్ క్లబ్బు కార్యాలయం నుంచి గోర్డన్ ఫెల్చ్ నమస్కరించి రాయునది.

అమ్మా,

మీ మీద దొంగతనం ఆరోపణ లేనే లేదు. మా నోటీసులో మాట పొందిక లేనందుకు మన్నించండి. ఆరోపణ అంతకంటే పెద్దది.

సాకర్‌లో బంతి ఎవరి ఒళ్ళో పడినా వెంటనే విసిరెయ్యాలి. ఎందుకంటే ఈ ఆటలో గడియారం ఆగదు. ఆ సమయంలో మ్యూల్స్ ఒక గోలుతో ముందున్నారు, ఆట ముగింపుకొచ్చింది. మీరు బంతి మీద కూర్చున్నంతసేపూ గడియారం నడుస్తూనే ఉంది. పోయిన సమయాన్ని చివర్లో కలపవలసిన రిఫరీ, తన రిపోర్టులోనే ఒప్పుకున్నట్టు, మిమ్మల్ని చూస్తూ ఆ సంగతి మరిచిపోయాడు. మేము గెలిచాం. ఊదా జట్టువాళ్ళు ఫిర్యాదు చేశారు. "అనుభవజ్ఞురాలైన ఒక వృద్ధ అభిమాని ముందస్తు పథకం ప్రకారం కాలహరణం చేసింది" అని అందులో రాశారు.

విచారంతో తెలియజేస్తున్నాను. ఈ సీజన్లో మిగిలిన సొంత ఊరి ఆటలన్నిటికీ మీకు ప్రవేశం నిషేధించాం. మీ వాదన ఉంటే ఉత్తరం ద్వారా తెలపవచ్చు.

విధేయుడు,
గోర్డన్ ఫెల్చ్

తా.క. ఇది ఆఫీసు మాట కాదు. జీతం ఇచ్చి పెట్టుకున్న మా ఆటగాళ్ళలో ఒక్కడు కూడా ఇంతవరకూ అంత నిబ్బరంగా కాలం గడపలేకపోయాడు. చదివాక ఈ ముక్క చించేయగలరు.

*

ఆగస్టు చివర

గోర్డన్ ఫెల్చ్‌కు, అన్యాయంగా గేటు బయట నిలబెట్టబడిన హెస్టర్ ప్రూయిట్ రాయించేది.

ఏమయ్యా,

దొంగ కాదు, మోసగత్తెనంటావా? పథకం వేశానా? గడియారం ఆగదని నాకెలా తెలుస్తుంది? ఈ ఊళ్ళో ఏ ఆటలోనైనా ఎవడైనా దగ్గితే గడియారం ఆపుతారు. నువ్వు చెప్పేదాకా నాకు తెలియని నేరాన్ని నేనెలా చేస్తాను? బంతులు రెండూ నోరీన్ చేత పంపాను, చూసుకో. సబ్బుతో కడిగాను కూడా. మీరెవరూ ఎప్పుడూ కడిగిన పాపాన పోలేదు.

నిషేధం సంగతి తర్వాత. ముందు నీ జనం సంగతి చూడు. నోరీన్ పోయినవారం కంచె సందులోంచి చూసొచ్చి చెప్పింది. స్టేడియం ఉత్తరం వైపంతా ఇంటి కప్పంత గుడ్డ వేలాడదీశారట. దాని మీద నా ముఖం. ఒళ్ళేమో కోడిపెట్టది. ఆ కోడిపెట్ట కింద గుడ్లకు బదులు రెండు బంతులు! గడ్డం మీద పుట్టుమచ్చ కూడా వదల్లేదట. ఇంతమంది చేరి ముసలిదాన్ని వెక్కిరిస్తారా? వాళ్ళ కోసమేనా నేను గొంతు పోగొట్టుకుని పాడింది?

మొదటి రోజు నాకు ఆట తెలియదని చెబితే టైనీ ఏమన్నాడో తెలుసా? "ఆట తెలియకపోతే ఏం బామ్మా, పాట వస్తే చాలు. పాట రాకపోతే చప్పట్లు కొట్టు. అవీ తప్పితే మేం సర్దుకుంటాం." వాన పడితే జెండా విప్పి నా నెత్తిన పట్టారు, వాళ్ళు తడిశారు. రెండు జట్లూ ఒక్క గోలూ కొట్టకుండా ఆట ముగిసిన రోజున నేను కొట్లాట పెట్టుకున్నాను. "ఎవరో ఒకరు గెలవకుండా జనాన్ని ఇంటికెలా పంపుతారు? తేలేదాకా ఆడించరేం?" అన్నాను. టైనీ నవ్వి "దక్కింది ఒక్క పాయింటైనా పండగే బామ్మా" అన్నాడు. అందరూ పండగే చేసుకున్నారు. ఇలాంటి జనాన్ని నేనెక్కడా చూడలేదు. క్లీటస్ పోయాక ఈ ఊళ్ళో నా పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. అక్కడ చేరాక వీధి చివరనుంచే "హెస్టర్ బామ్మా!" అని కేకలు. అందుకే ఆ కోడిపెట్ట నా గుండెలో గుచ్చుకుంది.

ఇంకో మాట. నన్ను రానివ్వకపోయినా కిటికీ తెరిచి, గరిటె పట్టుకుని వింటున్నాను. అరుపొస్తే మనం కొట్టామో వాళ్ళు కొట్టారో తెలియక పొయ్యి మీద కూర మాడ్చుకున్నాను. కానీ మొన్న శనివారం సగం ఆటదాకా డప్పు లేదు, పాట లేదు, చీమ చిటుక్కుమన్న సడి లేదు. నాకు అర్థమైపోయింది. ఈ దేశంలో జట్ల యజమానులు మూటాముల్లె సర్దుకుని ఊళ్ళు మారుస్తారు. మన రాష్ట్రంలోనే జరిగింది. నిజం చెప్పు, మ్యూల్స్‌ను ఏ ఊరికి అమ్మేశారు?

ఇట్లు,
హెస్టర్ ప్రూయిట్

తా.క. నువ్వు చించేయమన్న ముక్కను రోజూ చదివించుకుంటున్నాను. చించలేదు.

రెండో తా.క. ఇది నా మాట, అంటే నోరీన్ మాట. అయ్యా, త్వరగా ఏదో ఒకటి తేల్చండి. శనివారాలు ఈవిడ మా ఇంటికొచ్చి నా పిల్లికి సాకర్ పాటలు నేర్పుతోంది.

*

సెప్టెంబరు నెల

పూజ్యులైన హెస్టర్ బామ్మగారికి, గోర్డన్ ఫెల్చ్ నమస్కారాలు.

మ్యూల్స్‌ను ఎవరికీ అమ్మలేదు. స్టేడియం నిండుగానే ఉంది. జనం నోరు మూసుకున్నది మీ కోసం! అభిమానులకు క్లబ్బు మీద కోపమొస్తే ఆట సగందాకా పాడరు. అది వాళ్ళ పద్ధతి. ఆ నిశ్శబ్దంలో మా ఆటగాళ్ళు ఒకరి ఊపిరి ఒకరికి వినపడి బెదిరిపోయి, రెండు గోల్స్ ఇచ్చేశారు. మా యజమాని నా గదిలోకి వచ్చి "ఆ కోడిపెట్ట ఎవరు? ఎక్కడున్నా వెతికి తీసుకురా!" అని బల్ల గుద్దారు.

ఆ గుడ్డ వెక్కిరింత కాదు బామ్మగారూ. అభిమానులు ఒక మనిషికి చేయగల సన్మానాల్లో అంతకు మించింది లేదు. చర్చి నేలమాళిగలో టైనీ, అతని మనుషులు వారం రోజులు మోకాళ్ళ మీద పాకుతూ వేశారు. పదిహేనేళ్ళు గోలు కాపాడి రిటైరైన మా గోల్‌కీపరుకు కూడా అందులో సగం గుడ్డే దక్కింది. పుట్టుమచ్చ ఏ వైపు ఉంటుందన్న దాని మీద ఇద్దరు కొట్టుకున్నారు కూడా.

అందుచేత నిషేధం ఎత్తేస్తున్నాం. ఒక్కటే షరతు. దీనితోపాటు పంపిన కాగితం మీద మీ గుర్తు పెట్టండి: "బంతి నా దగ్గరకు వస్తే, మరు క్షణం ఆలోచించకుండా మైదానంలోకి విసిరేస్తాను." సొంత ఊళ్ళో ఇక ఒక్కటే ఆట మిగిలింది, అక్టోబరులో. ఓడిపోకుండా ఉంటే చాలు, మ్యూల్స్ తర్వాతి దశకు వెళ్తారు.

మీ రాక కోసం ఎదురుచూసే,
గోర్డన్

తా.క. బంతులు కడిగి పంపినందుకు కృతజ్ఞతలు. వాటి వాసనకు మా ఇప్పటి గోల్‌కీపరు ప్రాక్టీసులో బంతిని వదలడం లేదు.

*

అక్టోబరు చివర

మా గోర్డన్‌కు, తలెత్తుకోలేక హెస్టర్ ప్రూయిట్ రాయించేది.

నాయనా,

నువ్వు ఆ రోజు ఆఫీసు గదిలో లేవు, నా వెనక మూడో మెట్టు మీద నెత్తిన చేతులు పెట్టుకుని నిలబడ్డావు. అంతా చూశావు. అయినా నా వాదన నేను చెప్పుకోవాలి, ఎందుకంటే ఈసారి నేను నా మీదే వాదిస్తున్నాను.

ఆట ఒకటికి ఒకటి. ఇంకాసేపు అలా గడిస్తే చాలు. గడియారం ఆగదని ఇప్పుడు నాకు తెలుసు, లోపల్లోపల దాన్ని "నడవవే, నడవవే" అని బతిమాలుతున్నాను కూడా. అప్పుడొచ్చింది బంతి. మళ్ళీ నా ఒళ్ళోకే! చుట్టూ "కూర్చో బామ్మా! కూర్చో!" అని కేకలు. ఈసారి ఎందుకన్నారో నాకు పూర్తిగా తెలుసు. మోకాళ్ళు వంగాయి కూడా. కానీ కాగితం మీద గుర్తు పెట్టానే! చదువు లేనిదానికి అక్షరం కంటే మాటే పెద్దది. లేచి, ఉన్న బలమంతా పెట్టి విసిరాను.

గీత బయటినుంచి బంతి విసరడానికి నిలబడ్డ వాళ్ళవాడి చేతుల్లో పడింది. పువ్వులో పెట్టి ఇచ్చినట్టు. వాడు క్షణం ఆగకుండా లోపలికి విసిరాడు, ఇంకొకడు తన్నాడు, గోలు. మన కథ ముగిసింది.

నేను కళ్ళు మూసుకున్నాను. నా గాజు ఫ్యాక్టరీ రోజుల్లో ఒక్క సీసా జారవిడిస్తే మేస్త్రీ మా ఏడు తరాలనూ కడిగి ఆరేసేవాడు. ఇంతమంది తిడితే ఎలా ఉంటుందో అనుకున్నాను. కళ్ళు తెరిచాను. టైనీ కంచె మీద వాలి ఏడుస్తున్నాడు, ఆ పచ్చబొట్లన్నీ తడిసిపోయి. తర్వాత ముక్కు తుడుచుకుని నా వైపు తిరిగాడు.

"బామ్మా, అంత దూరం ఎలా విసిరావే!" అన్నాడు. డప్పందుకున్నాడు. అందరూ నా పేరు పెట్టి పాడారు గోర్డన్. సీజను పోగొట్టినదాని పేరు పెట్టి! మనవాళ్ళు మైదానం ఖాళీ చేసి వెళ్ళిపోయేదాకా పాడుతూనే ఉన్నారు. పాడేటప్పుడు ఒక్కడి ముఖంలోనూ నన్ను సముదాయిస్తున్న జాలి లేదు. పాడాలి కాబట్టి పాడారు. ఇలాంటి మనుషుల పక్కన ఉత్త చేతులతో ఎలా నిలబడను?

కాబట్టి నాకు శిక్ష కావాలి. అప్పుడు చేయని తప్పుకు వేశావు, ఇప్పుడు చేసిన తప్పుకు వెయ్యి. రేపటినుంచి నన్ను స్టేడియం గేటు తొక్కనివ్వొద్దు. నవంబరంతా నిషేధించు. డిసెంబరూ అంతే. క్రిస్మసని కనికరం చూపకు. జనవరి, ఫిబ్రవరి కూడా. మంచు పడినా, నేను గేటు దగ్గరికొచ్చి ఏడ్చినా తియ్యకు. కానీ మార్చిలో కొత్త సీజను మొదటి ఆట ఉందని టైనీ చెప్పాడు. ఆ ముందురోజు సాయంత్రానికల్లా శిక్ష ఖచ్చితంగా పూర్తయి ఉండాలి, గంట కూడా ఎక్కువ కాకూడదు. నేను శిక్ష దాటి ఒక్క నిమిషం కూడా ఊరుకునే మనిషిని కాను, తెలుసుగా.

ఇట్లు,
నీ కోడిపెట్ట,
హెస్టర్ ప్రూయిట్

తా.క. నా బంతి పట్టుకున్న ఆ పిల్లవాడు ఆటయ్యాక కంచె దగ్గరికొచ్చి, గుండె మీద చెయ్యి వేసుకుని "థాంక్స్ అమ్మా" అన్నాడు. పెంపకం తెలిసిన తల్లి కన్న బిడ్డ. నేనెక్కడికి విసిరినా పట్టేట్టున్నాడు. మార్చిలోగా వాణ్ణి మన జట్టులోకి తెచ్చుకోవడం కుదురుతుందేమో కనుక్కో.