పెదాలు కలిసే అక్షరాలు

నాన్నా,

ఫోను చేస్తే నువ్వు మొదటి మాట దగ్గరే ఆగిపోతావు, ఇవతల నేను ఆగలేక వాగేస్తాను. అందుకే ఉత్తరం. దీంతో పాటు ఒక ఫారం పెట్టాను. తండ్రి సంతకం అని ఉన్నచోట సంతకం పెట్టి వెంటనే పోస్టులో పడెయ్యి. వచ్చే శుక్రవారం లోపల ఇవ్వకపోతే మిగిలిన గది ఏదో వాళ్లే అంటగడతారట. కొత్తగా చేరినవాళ్లమంతా ఇంకా ఆటల హాల్లోనే మడత మంచాల మీద పడుకుంటున్నాం. నా పక్క మంచం పిల్ల చూడ్డానికి పిట్టలా ఉంటుంది, గురక మాత్రం లారీ అంత.

ఫారంలో నేను ఏటిగట్టు హాస్టల్ అని రాశాను. నన్ను దింపడానికి వచ్చినప్పుడు ఇద్దరం రెండూ చూశాం కదా. "నాకు పాత భవనమే కావాలి" అని మెట్ల మీద గెంతింది నేనే. మూడో అంతస్తులో చివరి గది, ఒక్కరికే. కిటికీ తీస్తే ఎదురుగా లా లైబ్రరీ. అక్కడ ఉండేవాళ్లని పుస్తకాలు గదికి తెచ్చుకోనిస్తారు కూడా. ఏటిగట్టు అలా కాదు. క్లాసులకి అరగంట నడక, గదికి నలుగురు, పక్కనే వంటగది గోల. అయినా అదే రాశాను. గాలి బాగా వస్తుందనీ, ఏరు కనిపిస్తుందనీ నీకు చెబుదామనుకున్నాను. నీతో అబద్ధమాడటం నా వల్ల కాలేదు.

నీకు పెదాలు కలిసే అక్షరాలు అడ్డం పడతాయి. ప, బ, భ, మ. మాట మొదట్లో వాటిలో ఒకటుంటే చాలు, అక్కడే ఆగిపోతావు. పాత భవనంలో అలాంటివి రెండు. నన్ను చూడ్డానికి వస్తే కండక్టరుకి చెప్పాలి, గేటు దగ్గర వాచ్‌మన్‌కి చెప్పాలి, పక్కన నేనుండను. ఏడేళ్లప్పటి నుంచి నువ్వు కుట్టుమిషన్లు బాగుచెయ్యడానికి వెళ్లిన ప్రతి ఇంటికీ వచ్చాను, నీ సగం మాటలన్నీ నేనే పూర్తి చేశాను. నీ తరఫున చాటింపు వేస్తాననే కదా, అమ్మ నాకు టముకు అని పేరు పెట్టింది? ఒకావిడ నీ నత్తిని నీ ముందే అనుకరించి చూపించింది. నువ్వు తలొంచుకుని స్క్రూలు బిగించావు. ఆ రోజు నాకొచ్చిన కోపం ఇంకా చల్లారలేదు. ఇంకే గేటు దగ్గరా నిన్నలా నిలబెట్టను. ఏటిగట్టు అనడం నీకు మంచినీళ్ల ప్రాయం. బాగా ఆలోచించే రాశాను, నా మనసు మార్చాలని చూడకు. సంతకం పెట్టు.

నీ టముకు


నా టముకూ,

కాయితం మీద నాకు నత్తి లేదు. కాబట్టి ఇవాళ చెప్పాల్సిందంతా చెప్తాను, మధ్యలో అందుకోవడానికి నువ్వు లేవు.

నీ ఫారం చించేశాను. కోప్పడకు. ఇవాళ పొద్దున్నే దుకాణం మూసి మీ యూనివర్సిటీకి వచ్చాను. నీకు చెప్పలేదు, చెబితే పరిగెత్తుకొచ్చి నా బదులు మాట్లాడతావు. హాస్టళ్ల ఆఫీసులో గుమాస్తా "ఏం కావాలి?" అన్నాడు. నేను "పా..." దగ్గర ఇరుక్కున్నాను. "పాసా? పార్సిలా?" అంటూ ఆయన వెతకడం మొదలుపెట్టాడు, అచ్చం నీలాగే. చెయ్యెత్తి ఆగమన్నాను. నా వెనక వరస పెరిగింది. ఒకరు దగ్గారు, ఒకరు నవ్వారు. నా చెవులు కాలిపోయాయి. చివరికి "పాత భవనానికి ఒక ఫారం ఇవ్వండి" అన్నాను, మొత్తం. ఇచ్చాడు. అంతే తల్లీ, కొంపలేం అంటుకోలేదు. ఇదే ఆ ఫారం. నా సంతకం ఉంది, హాస్టల్ పేరు కూడా నేనే నింపాను. మీ తోటలో బెంచీ మీద కూర్చుని రాస్తున్నాను, వెళ్తూ వెళ్తూ ఆటల హాలు వార్డెనమ్మ చేతిలో పెడతాను.

ఇంకోటుంది. పదకొండేళ్లుగా కడుపులో దాచుకున్నాను. నువ్వు పూర్తి చేసిన నా మాటల్లో సగం నావి కావు. ఒక ఇంట్లో నేను "మం..." అనగానే నువ్వు "మంగళవారం వచ్చి ఇచ్చేస్తాం" అన్నావు. నేనడగబోయింది మంచినీళ్లు. ఆ రోజు దాహంతోనే ఇల్లు చేరాను. దానికి నవ్వుకోవచ్చు. నవ్వుకోలేనిది వేరే ఉంది. నీ ఎనిమిదో తరగతిలో హెడ్‌మాస్టరు నీ గురించి అడిగితే నేను "బా..." అన్నాను. "బాగా చదివిస్తానంటున్నారు సార్" అని నువ్వందుకున్నావు. నేననబోయింది "బాగా అలిసిపోతోంది నా కూతురు, ఇళ్ల వెంట తిప్పుతున్నాను, తప్పు నాది" అని. ఆయన మెచ్చుకున్నాడు, నువ్వు మురిసిపోయావు, నేను మింగేశాను. ఆ వెక్కిరించినావిడ కంటే నీ తొందరే నన్ను ఎక్కువ నొప్పించింది. ఈ వాక్యం రాయడానికి చెయ్యి రాలేదు, అయినా రాశాను.

రేపు లాయరువి అవుతావు. ఎదుటివాడు చెప్పేది చివరిదాకా వినని లాయరు ఎవరికి పనికొస్తుంది? గది దొరికాక వచ్చే మొదటి ఆదివారం వస్తాను. గేటు దగ్గర నేనే అడుగుతాను. నువ్వు కిందికి దిగావో, ఊరుకోను.

నాన్న


నాన్నా,

నీ ఉత్తరం చదివిన రోజు నీ మీద పిచ్చికోపం వచ్చింది. ఇన్నేళ్లూ వెంట తిరిగినందుకు ఇదా అని ఏడ్చాను. నువ్వు నింపిన ఫారం మీద నా సంతకం శుక్రవారం ఆఫీసు మూసే ముందు పెట్టి ఇచ్చాను, అదీ గుమాస్తా గొణుగుతుంటే.

నిన్న నువ్వు గేటు దగ్గరికి వచ్చేసరికి నేను మూడో అంతస్తు వరండాలోంచి చూస్తున్నాను. వాచ్‌మన్ నీ వైపు వంగాడు. నీ తల ఊగడం, పిడికిలి బిగుసుకోవడం కనిపించాయి. ఒక్క కేక వేస్తే వినపడేంత దూరం. పిట్టగోడ పట్టుకుని, పళ్లు బిగించి నిలబడ్డాను. అంత కష్టమైన పని నేనింతవరకూ చెయ్యలేదు. వాచ్‌మన్ చేత్తో మెట్ల వైపు చూపించాడు.

గదంతా పరీక్షించావు. మంచం కదిపావు, బల్ల సొరుగు లాగావు, కిటికీ గడియ వదులుగా ఉందని జేబులోంచి స్క్రూడ్రైవరు తీశావు. బిగించి, నా వైపు తిరిగి "భ..." అన్నావు. నీకు తెలీదు, నాలో మాట అప్పటికే తయారైపోయింది. భలే ఉంది గది! నాలుక చివరి దాకా వచ్చింది. ఇదివరకైతే అనేసి, చెయ్యి పట్టుకుని లైబ్రరీ చూపించడానికి లాక్కెళ్లేదాన్ని. నువ్వు తలూపేవాడివి, బస్సెక్కి వెళ్లిపోయేవాడివి.

ఆగాను. ఎంతసేపో తెలీదు, నువ్వు మళ్లీ మొదటి నుంచి రెండుసార్లు మొదలుపెట్టావు.

"భయమేస్తోందా అమ్మా?" అన్నావు.

నన్నెవరూ ఆ మాట అడగలేదు నాన్నా. గడగడా మాట్లాడే పిల్లని ఎవరడుగుతారు? ఇన్నేళ్లలో నువ్వెన్నిసార్లు అడగబోయావో, నేనెన్నిసార్లు దాన్ని ఇంకేదో చేసి పారేశానో. నిన్న ఊరికే నీ భుజం మీద తల పెట్టాను, జవాబు చెప్పలేదు. ఇప్పుడు చెప్తున్నాను. వేస్తోంది. రోజూ వేస్తోంది. అయినా ఇక్కడే ఉంటాను.

నీ కూతురు