పన్నెండో కొక్కెం

నిజామాబాద్ జిల్లా ఫ్యాక్టరీల తనిఖీ అధికారి గారి సముఖమునకు, ఆర్మూర్ నివాసి ఎస్తేరమ్మ, వయస్సు 50, పదవ తరగతి పాస్, వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: లింబాద్రి సేటు గారి పౌడర్ కోటింగ్ షెడ్డులో మార్చి 4న జరిగిన అగ్నిప్రమాదానికి కారణం మంగ బీడీ కాదని, షెడ్డులోని కొక్కేలని తెలియజేయుట గురించి.

1. నేను ఆ షెడ్డులో తొమ్మిదేళ్లుగా పనిచేస్తున్నాను. గేట్లు, కుర్చీల ఫ్రేములు, పసుపు కొమ్ములు పాలిష్ పట్టే డ్రమ్ములు కడిగి, ఆరబెట్టి, ఇనుప కొక్కేలకు వేలాడదీయడం నా పని. వాటి మీద గన్‌తో రంగు పొడి కొట్టడం నాతో పనిచేసే మంగ పని. తరువాత ఓవెన్‌లో కాలిస్తే పొడి కరిగి రంగు పట్టుకుంటుంది.

2. గన్‌లోని కరెంటు వల్లనే పొడి ఇనుముకు అంటుతుంది. ఆ కరెంటు కొక్కెం గుండా, ఎర్త్ తీగ గుండా భూమిలోకి పోవాలి. కనుక కొక్కెం బోడి ఇనుముగా ఉండాలి. ప్రతిసారీ దాని మీద కూడా రంగు పడి గట్టిపడుతుంది. గీకి తీయకపోతే కరెంటుకు దారి మూసుకుపోయి, నిప్పురవ్వగా దూకుతుంది. మిషను బిగించిన మనిషి ఈ సంగతి నా ఎదుటే సేటు గారికి చెప్పాడు. సేటు గారు తల ఊపారు.

3. పసుపు సీజను రాగానే గీకడం మాన్పించారు. అడిగితే, "నువ్వు గీక్కుంట కూసుంటే వేల్పూరోళ్ల డ్రమ్ములకు నీ దేవుడొచ్చి రంగేస్తడా ఎస్తేరమ్మా?" అన్నారు. డ్రమ్ములు కడగడం కూడా మాన్పించారు. "పసుపు దుమ్ము మీద పసుపు రంగే గద, ఎవనికి కనవడ్తది?" అన్నారు. నిజమే, ఆ రోజు కనబడలేదు. నెల తిరగకముందే అంకాపూర్ రైతు ఒకాయన తన డ్రమ్ము నుంచి ఊడిన రంగు పెచ్చు తెచ్చి బల్ల మీద పెట్టి, "గీ అప్పడం నువ్వే నంజుకో సేటూ" అని వెళ్లిపోయాడు.

4. పొడి వృథాగా పోతుందని, గాలి లాగే ఫ్యాను కూడా ఆపించారు. మాస్కులు లేక మూతికి కొంగు కట్టుకునేవాళ్లం.

5. మార్చి 4న ఉదయం పదకొండు గంటలకు గదిలో పొడి మంచులా నిలిచి ఉంది. మంగ గన్ నొక్కింది. డ్రమ్ము నుంచి పక్కనున్న ఇనుప స్తంభానికి నీలపు రవ్వ దూకడం నేను కళ్లారా చూశాను. గాలే అంటుకుంది. మంగ రెండు చేతులూ మెడా కాలాయి. దవాఖానలో ఆమెకు అన్నం నేనే తినిపిస్తున్నాను.

6. మంగ బీడీ వెలిగించిందని సేటు గారు తమకు వ్రాసిచ్చారు. షెడ్డుకు రాకముందు మంగ ఇంట్లో బీడీలు చుట్టేది. వారికి ఉన్న ఆధారం అదొక్కటే. చుట్టిన ప్రతి ఆడమనిషీ తాగితే ఈ జిల్లాలో పొగ తప్ప ఏమీ కనబడదు. మంగ నన్ను అడిగింది: "అక్కా, నేనెన్నడన్న తాగంగ చూసినవా? గా కాయితం రేపు నా బిడ్డ నందిని సదువుతది గద."

7. ప్రమాదం జరిగిన మరునాడే పాత కొక్కేలు పారేయించి కొత్తవి తగిలించారు. ఊడ్చి పారేసే పని నాకే చెప్పారు. అది వారు చేసిన తప్పు. పన్నెండు కొక్కేలు నా టిఫిన్ సంచిలో ఇంటికి వచ్చాయి. ఒకదాన్ని ఆకురాయితో రాకి చూశాను. ఉల్లిగడ్డలో లాగా పదిహేడు పొరలు. అడుగున పచ్చ, అది డిసెంబరులో చేసిన బడి గేటు. ఆపైన ఎరుపు, అది సేటు గారి సొంత ఇంటి మెట్ల రెయిలింగు. మిగతావన్నీ పసుపే. వారం వారం గీకిస్తున్నామని వారు వ్రాసిన మాటను తమరు ఈ పొరల పక్కన పెట్టి చదవండి.

8. నేను గొంతు పెంచే మనిషిని కాను. క్షమించమని పాస్టరు గారు చెప్పారు. ఆ మనసు ఇమ్మని దేవుణ్ణి ఇరవై రోజులు మోకాళ్ల మీద అడిగాను. రాలేదు. పగ దేవునికి వదిలేయమన్నారు, వదిలేశాను. కానీ దేవుడు విచారణ తేదీ వేయలేదు. తమరు వేశారు, ఈ నెల 28.

కావున పదకొండు కొక్కేలు జతపరిచాను. పన్నెండోది నా దగ్గర ఉంది. విచారణ ఆ షెడ్డులోనే జరిపించండి. ఆ కొక్కేనికి డ్రమ్మును నేనే వేలాడదీస్తాను. ఫ్యాను ఆపి, గది నిండా పొడి లేపి, గన్ సేటు గారి చేతికి ఇవ్వండి. మూతికి కట్టుకోవడానికి నా పాత చీర చెంగు ఇస్తాను. ఆ గదిలో బీడీ ఉండదు కనుక వారికి భయం ఉండకూడదు. నొక్కమని చెప్పండి. నొక్కకపోతే, అదే వారి వాంగ్మూలమని వ్రాసుకోండి.

నా మాటతో పాటు ఈ ఇనుమును కూడా చిత్తగించవలెనని వేడుకొను,

తమ విధేయురాలు,
ఎస్తేరమ్మ

మనవి: నిన్న సేటు పండ్లు పట్టుకొని మంగ మంచం దగ్గరికి వచ్చాడు. "దేవుని బిడ్డవు, నీకు గింత పగ ఎందుకు ఎస్తేరమ్మా?" అన్నాడు. పైన వ్రాసినదంతా మెల్లగా చెప్పి, "పట్టుకుంటవా సేటూ గన్ను?" అని అడిగాను. పండ్లు మంచం మీద పడ్డాయి, రెండు చేతులూ వీపు వెనక్కి పోయాయి. మంగ తన కట్లను చూసుకుంది, ఆ వీపు వెనకకు పోయిన చేతులను చూసింది, ఇరవై రోజుల తరువాత నవ్వింది. 28న తమరు ఆయన నోటిని చూడకండి. చేతులు చూడండి.