ఏడుసార్లు కడిగిన చేతులు

కరీంనగర్,
మంగళవారం

బిల్కీస్‌కు,

సలాం. హుస్నాబాద్ పక్కన కొండల్ నడిపే పందుల ఫారం నుంచి పంపిన నమూనాల ఫలితం ఈరోజు పొద్దున పదింటికి వచ్చింది. ఫ్లూ. ఇంతకుముందు చూడని రకం. నువ్వు, పాప, మీ అమ్మీ క్షేమమనే అనుకుంటున్నాను. అనుకోవడమే, ఇంకా తెలియదు.

"ఫోన్ ఎందుకు ఎత్తుతలేవు? అమ్మీ పరేషాన్ అయితుంది" అని రాత్రి మెసేజ్ పెట్టావు. మాట్లాడితే సగంలో ఆగిపోతున్నాను. అందుకే కాగితం మీద రాసి, ఫోటో తీసి పంపుతున్నాను. పాప తుమ్ముతోందని, చలికి కావచ్చని కూడా రాశావు. చలి అని ఇప్పుడే తేల్చుకోకు. ఎందుకో చెబుతాను.

శనివారం నేను పత్తి మార్కెట్‌కు పోలేదు. వార్త రాయడానికి ఆ ఫారానికి వెళ్ళాను. పందులు దగ్గుతున్నాయి, పనివాళ్ళు జ్వరంతో ఇళ్ళలో పడి ఉన్నారు. రాలిన దాణా వృథా పోవద్దని కొండల్ పందుల దొడ్డిలోనే కోళ్ళను వదిలాడు. కోళ్ళ ఫ్లూ, మనుషుల ఫ్లూ ఒకే పందిలో కలిస్తే కొత్తది పుట్టవచ్చని పశువుల డాక్టరు సృజన చెప్పింది.

నన్ను చూసి కొండల్ నవ్వాడు. "ఏంది ఫయాజ్ భాయ్, గీడికొచ్చినవ్! మీ అత్తకు తెలిస్తె ఇంట్లకు రానిస్తదా?"

"నువ్వు చెప్పకుంటె ఎట్ల తెలుస్తది?" అన్నాను.

పందిపిల్లను పట్టుకునే మనిషి లేడు. "జర పట్టు అన్నా, ముక్కుల పుల్ల పెట్టి నమూనా తియ్యాలె" అంది సృజన. పట్టుకున్నాను. అది గింజుకుంది, నా మొహం మీదే తుమ్మింది. చెమటకు మాస్కు అప్పటికే గడ్డం కిందికి జారింది.

ఇంటికొచ్చి మన పద్ధతి ప్రకారం చేతులు, బట్టలు ఏడుసార్లు కడిగాను, ఒకసారి మట్టితో. ఆదివారం జమ్మికుంటలో మీ ఇంటికొచ్చి మళ్ళీ స్నానం చేశాను. "పత్తి మార్కెట్‌కు పోయొస్తె గిన్ని తానాలా బేటా!" అని అమ్మీ నవ్వింది గుర్తుందా? నేనూ నవ్వి, పాపను ఎత్తుకున్నాను. నుదురు మీద ముద్దు పెట్టాను. పందిని తాకిన మైల పోయింది కదా అనుకున్నాను. సృజనకు ఈ సంగతి చెప్పాను. "చేతులు కడిగినవు అన్నా. ఊపిరి ఎట్ల కడుగుతవు?" అంది.

సోమవారం సాయంత్రం జ్వరం మొదలైంది. నాది కూడా ఆ పందుల వైరస్సేనని ఈరోజు మధ్యాహ్నం తేలింది. ఆసుపత్రిలో విడి గదిలో ఉన్నాను, మందులు ఇస్తున్నారు. మనిషి నుంచి మనిషికి ఇది సోకుతుందా అని డాక్టర్లను అడిగాను. తెలియదన్నారు. ఇన్నేళ్ళుగా ‘తెలియదు’ అన్న ఆ మాటను వార్తల్లో రాశాను. ఇంత భయం ఎన్నడూ వేయలేదు.

ఇంట్లోంచి ఎవరూ బయటికి పోవద్దు, ఎవరినీ రానివ్వొద్దు. నువ్వు మాస్కు పెట్టుకో, పాపకు పాలు మాత్రం మానకు. పాలు తాగకపోయినా, ఎగపోసినా పొద్దుటిదాకా ఆగకుండా 108కి ఫోన్ చెయ్యి. పంది మాట అమ్మీకి నువ్వే చెప్పు. తిట్లు నేను వచ్చాక తింటాను.

రేపు ఎనిమిదింటికి డాక్టర్లు జమ్మికుంట వస్తారు. ముందు పాప ముక్కులో పుల్ల పెడతారు. ఏడుస్తుంది, తల కదలకుండా పట్టుకో. సీసా మీద రాయడానికి పాప పేరు అడుగుతారు. శుక్రవారం పేరు పెట్టే అకీకా దాకా ఆగకు. నువ్వు అనుకున్న పేరే రాయించు, హుస్నా అని.

ఇట్లు,
నీ పాప వాళ్ళ అబ్బా,
ఫయాజ్