గాలి చక్రం పేటెంటులో రాయని పేరు

సూరత్ జిల్లా, పల్సానా తాలూకా, జోల్వాలో కాపురముంటున్న దూస సోమలింగం అనే నేను, కీర్తిశేషులు దూస బుచ్చిరాములు కుమారుణ్ణి, వయస్సు అరవై నాలుగు, వృత్తి మరమగ్గాల ఫిట్టర్, నా తదనంతరం నా స్వార్జితం ఎవరికి ఎట్లా చెందాలో తెలుపుతూ ఈ వీలునామా రాసుకుంటున్నాను. నా బుద్ధి నిలకడగా ఉందని డాక్టరు ఇచ్చిన కాగితం జతపరిచాను. చేతులు వణుకుతున్నాయి గాని అది వేరే జబ్బు. ఇందులో ఎవరి బలవంతమూ లేదు. బలవంతం చేసేన్ని మాటలు నాతో మాట్లాడేవాళ్లు ఇప్పుడు ఇంట్లో లేరు. ఇంతకుముందు నేను వీలునామా ఏదీ రాయలేదు.

వకీలు ఒక్క పేజీలో ముగించమన్నాడు. నా వల్ల కాలేదు.

1. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యతను నా మిత్రుడు లక్ష్మీరాజం గారికి అప్పగిస్తున్నాను. సూరత్‌లో తెలుగు బడి పంతులుగా పనిచేసి రిటైరైన మనిషి. ఈ కాగితంలో అక్షర దోషాలు ఆయనే దిద్దారు. మిగతా దోషాలు నావి.

2. జోల్వాలో నేను కట్టుకున్న రెండు గదుల ఇల్లు, పైన రేకుల గదితో సహా, నా కొడుకు రవీంద్రకు సర్వహక్కులతో చెందుతుంది. రవీంద్రా, నువ్వు పనిమంతుడివి, కోపం తక్కువ, అది మీ అమ్మ గుణం. చక్రం హక్కులు కడోదరాలో ఫ్యాన్ల కంపెనీకి అమ్మేద్దామని నువ్వు రెండుసార్లు అడిగావు. ఇల్లు తీసుకో. చక్రం అడగకు. ఎందుకో ఐదో దఫాలో రాశాను, చదువు.

3. నా పానాల సెట్టు, చేతి డ్రిల్లు, కొలత పరికరాలు నా తోటి ఫిట్టర్ పరమేశ్‌కు. మొదటి చక్రానికి మోటారు లేనప్పుడు తొమ్మిది రోజులు చేత్తో తిప్పినవాడు ఇతను. తిప్పుతూ నన్ను వెక్కిరించాడు. "గీ గిర్రతోని నువ్వు జోల్వాకు సిమ్లా తెస్తవా" అన్నాడు. ఆ మాటకు ఏడాది మాట్లాడలేదు నేను. తప్పు నాదే.

4. మా షెడ్డు సేఠ్‌కు ఇవ్వవలసింది ఏమీ లేదు. కిటికీలు కొంచెం తెరిపించమని అడిగినప్పుడు ఆయన అన్న మాట మాత్రం రాసి పెడుతున్నాను. "ధాగా తెగితే నుక్సాన్. మనిషిదేముంది, ఆదత్ అయిపోతది." దారం తెగితే నష్టమట, మనిషికైతే అలవాటైపోతుందట. ఆయన్ని క్షమించాలని చాలాసార్లు అనుకున్నాను. కాలేదు. ఈ కాగితంలో అబద్ధం ఉండకూడదు గనుక కాలేదనే రాస్తున్నాను.

5. షెడ్లలోకి కొత్త గాలి పంపే తిరుగుడు చక్రం మీద నా పేరిట మంజూరైన పేటెంటును, దాని సమస్త హక్కులతో, నా కూతురు సుభాషిణికి ఒక్కదానికే రాసి ఇస్తున్నాను.

నా భార్య ప్రమీల నేను పనిచేసిన షెడ్డులోనే పంతొమ్మిదేళ్లు బాబిన్లు చుట్టింది. తేమ పోతే నూలు తెగుతుందని ఎండాకాలమంతా కిటికీలు మూసి ఉంచేవారు. తేమ కోసం చిమ్మే నీటి తుంపరతో లోపల చల్లగానే ఉండేది. కానీ పొద్దటి నుంచీ అదే గాలి, అందులో నూలు ధూళి. పనిలో చేరిన పదిహేనో ఏట ఆమెకు దగ్గు పట్టుకుంది.

ఆ రోజుల్లో పల్సానాలో ఒక మిల్లుకు మరమ్మతుకు పోయి నేను ఇటువంటి చక్రాన్ని చూశాను. బండి చక్రమంత ఉంటుంది, నిండా సన్నని రంధ్రాలు. ఒక సగంలోంచి లోపలి పాత గాలి బయటికి పోతుంది, రెండో సగంలోంచి బయటి గాలి లోపలికి వస్తుంది. మెల్లగా తిరుగుతూ, పోయే గాలిలోని చల్లదనాన్ని, కొంత తేమను పట్టుకొని వచ్చే గాలికి అందిస్తుంది. కిటికీ తెరవకుండానే కొత్త గాలి. నేను పదో తరగతి దాకా చదివినవాణ్ణి. రేకులు చుట్టి అలాంటిదే చేసి, షెడ్డు వెనక తుక్కు గదిలో పెట్టి చూశాను. అయితే మా షెడ్డు ధూళికి మూడు రోజుల్లో రంధ్రాలన్నీ పూడిపోయేవి. రబ్బరు పట్టీ పెట్టాను. బ్రష్షు పెట్టాను. బ్రష్షు ధూళిని ఇంకా లోపలికి కుక్కింది.

ఒక ఆదివారం చక్రాన్ని విప్పి కడుగుతుంటే ప్రమీల పక్కన కూర్చుని చూసింది. "తిరిగేదాన్ని గట్ల రుద్దుతవేంది? గాలికి ఎదురుంగ కుచ్చులు పెట్టు. గాలే దులుపుతది" అంది. అని ఊరుకోలేదు. షెడ్డులో పారేసే గుడ్డ అంచులు తెచ్చి, అడ్డం పోగులు లాగేసి, చీర కొంగుకు వేసినట్టు కుచ్చులు వేసి, ఏటవాలుగా పట్టీ కుట్టి ఇచ్చింది. కొత్త గాలిలో కొంచెం వెనక్కి మళ్లించి ఆ కుచ్చుల మీదుగా పంపాము. అవి రెపరెపలాడి ధూళిని బయటికి పోయే గాలిలోకే దులిపేశాయి. నెలన్నర దాకా ఆ చక్రాన్ని కడగవలసిన పని పడలేదు.

2019లో ఒక ఏజెంటు ద్వారా పేటెంటుకు దరఖాస్తు పెట్టాము. సుభాషిణి ఎంబ్రాయిడరీ డిజైన్లు గీసే ఆఫీసులో పనిచేసేది, చక్రం బొమ్మలు కంప్యూటర్ మీద తనే గీసింది. ఆవిష్కర్తల పేర్లు రాసే గడి దగ్గర ఆగి "బాపూ, అమ్మ పేరు గూడ రాయాలె గదా" అని అడిగింది. ప్రమీల పొయ్యి దగ్గర నుంచి "నా పేరెందుకు తియ్యి" అంది. నేను ఆ మాటను పట్టుకున్నాను. ఆమె వద్దన్నది నిజం. అడిగితే వద్దనే అంటుందని నాకు ముందే తెలుసన్నదీ నిజం.

రెండేళ్లకు పేటెంటు ఆఫీసు పరీక్షాధికారి నివేదిక వచ్చింది. ఇలాంటి చక్రాలు విదేశాల్లో ఎప్పటి నుంచో ఉన్నాయని, గాలిని వెనక్కి మళ్లించడమూ పాతదేనని, ఈ పనిలో ఆరితేరినవాడికి ఎవరికైనా ఇది తట్టేదేనని అందులో ఉంది. ఆ చివరి మాట మళ్లీ చదివాను. ముప్ఫై ఏళ్లు ఈ పనిలో ఆరితేరినవాణ్ణి నేనే. నాకు తట్టలేదు. బాబిన్లు చుట్టే మనిషికి తట్టింది. జవాబులో ఈ ముక్క రాయించి ఉండవలసింది. మా ఏజెంటు మిగతావన్నీ వదిలేసి, కుచ్చుల పట్టీ ఒక్కదాన్నే కొత్తదిగా చూపుతూ జవాబు పంపాడు. నేను సరేనన్నాను.

2022 వానాకాలంలో వీడియోలో విచారణ జరిగింది. సుభాషిణి బల్ల మీద ఫోను నిలబెట్టింది. ప్రమీల ఫోనులో కనబడకుండా నా పక్కన కూర్చుంది, అడిగినప్పుడు అందించడానికి పట్టీని ఒళ్లో పెట్టుకొని. విచారణ జరిపిన అధికారి మర్యాదస్తుడు. పట్టీని దగ్గరగా చూపమన్నారు, రెండు వైపులా తిప్పమన్నారు. ఆ తర్వాత హిందీలో, ఈ కుచ్చుల ఆలోచన ఎవరికి వచ్చింది, ఎట్లా వచ్చింది అని అడిగారు. ఇరికించాలని అడగలేదు, నచ్చి అడిగారు.

నాకేనన్నాను.

ప్రమీల నా వైపు చూడలేదు. నా చేతిలో నుంచి పట్టీ తీసుకొని, మడిచి, చాయ్ పెట్టడానికి లేచి పోయింది. సాయంత్రం మాత్రం "గా సారు మంచిగ అడిగిండు" అంది. మళ్లీ ఎన్నడూ ఆ ఊసు ఎత్తలేదు.

మంజూరు కావడానికి ఇంకా నలభై మూడు రోజులు పట్టింది. ఆవిష్కర్తగా ఇంకో పేరు చేర్చాలంటే మంజూరుకు ముందే అడగాలని ఏజెంటు చెప్పాడు. ఫారం తెచ్చుకొని ఆమె పేరు నింపాను. సంతకం పెట్టలేదు. పెడితే ఆ అధికారి ముందు అబద్ధమాడానని ఒప్పుకోవాలి. షెడ్డులో అప్పటికే నన్ను ఇంజనీర్ సాబ్ అంటున్నారు. ఫారం నాలుగు మడతలతో నా అంగీ జేబులో ఉండిపోయింది. ఒక రోజు ఉతికి ఆరేసిన అంగీ తొడుక్కుంటే అది జేబులో పొడిగా, రెండే మడతలతో ఉంది. ప్రమీలకు ఇంగ్లీషు రాదు, కానీ రేషన్ కార్డు మీద చూసి చూసి తన పేరు గుర్తుపట్టేది. తీసి చూసి, మళ్లీ నా జేబులోనే పెట్టింది. తర్వాత లెక్కేస్తే, మంజూరుకు అప్పటికి ఇంకా పన్నెండు రోజుల గడువు ఉండింది. అవీ పోనిచ్చాను.

పత్రం వచ్చిన ఏడు నెలలకు ఆమె చనిపోయింది. ఊపిరితిత్తులు గట్టిపడిపోయాయన్నారు. అప్పటికి చక్రం మా షెడ్డు గోడలో తిరుగుతూనే ఉంది. ఆ గాలిలో ఆమె ఒక్క రోజూ పనిచేయలేదు. షెడ్డు గోడలో చక్రం బిగించేనాటికే ఆమెకు షెడ్డు మెట్లెక్కే సత్తువ పోయింది.

సుభాషిణి దినాలు అయ్యేదాకా ఏమీ అనలేదు. ఆ తర్వాత కూడా అనలేదు. ప్రతి ఆదివారం వస్తుంది, మందులు డబ్బాలో సర్దుతుంది, కూర వండి మూత పెడుతుంది, పోతుంది. తిట్టి ఉంటే నాకు కొంత తేలికయ్యేది.

6. వాలుగా వెనక్కి వంగే మా ప్లాస్టిక్ నవారు కుర్చీని పక్కింటి నర్సవ్వకు ఇవ్వాలి. ప్రమీలతో పాటు బాబిన్లు చుట్టిన మనిషి. ఆమెకూ ఇప్పుడు వెల్లకిలా పడుకుంటే ఊపిరాడటం లేదు. ప్రమీల చివరి ఎనిమిది నెలలు ఆ కుర్చీలోనే నిద్రపోయింది. ఎడమ చేతి కింద దిండు పెట్టుకుంటే కొంచెం కునుకు పడుతుందని నర్సవ్వకు చెప్పాలి. ఆ దిండు కూడా ఆమెకే.

7. మంజూరైన పత్రంలో ఇప్పుడు ఆవిష్కర్త పేరు చేర్చే దారి ఉందా అని ఇద్దరు వకీళ్లను అడిగాను. లేదన్నారు. కాబట్టి ఇక్కడే ప్రకటిస్తున్నాను. కుచ్చుల పట్టీ ఆలోచన నాది కాదు, నా భార్యది. అది లేకుంటే ఈ పేటెంటే లేదు. ఇకమీదట ఈ చక్రాన్ని ఎవరు తయారు చేసినా, ప్రతి చక్రం మీద మనిషి కంటికి ఆనే ఎత్తులో "కుచ్చుల పట్టీ కనిపెట్టినది దూస ప్రమీల" అని తెలుగులోనూ గుజరాతీలోనూ చెక్కించాలి. ఆ షరతుకు ఒప్పుకోనివాళ్లకు సుభాషిణి అనుమతి ఇవ్వకూడదు. మా షెడ్డు చక్రం మీది నా పేరు పలకను నేనే పోయిన వారం విప్పి తెచ్చాను.

8. ఈ కాగితం సంగతి నేను పోయాకే సుభాషిణికి తెలియడం న్యాయం కాదని అనిపించింది. అందుకే సంతకం చేయకముందే, ఈ రోజు, లక్ష్మీరాజం గారి చేత ఆమెకు చదివించాను. మొదటి నుంచి చివరి దాకా ఆమె గడప పక్కన నిలబడే విన్నది. అయిపోయాక కాగితం తన చేతిలోకి తీసుకొని ఏడో దఫా మళ్లీ చూసుకుంది. "దూస ప్రమీల అని ఎందుకు రాసినవ్ బాపూ? అది గూడ నీ పేరే గదా. అమ్మ కొడం వాళ్ల బిడ్డ. కొడం ప్రమీల అని రాయి" అంది. రెండున్నరేళ్లలో ఆమె నాతో మాట్లాడిన పొడుగు మాట ఇదే.

అందువల్ల ఏడో దఫాలో "దూస" అన్న మాటను కొట్టివేసి, దాని మీద "కొడం" అని నా చేత్తో రాశాను. ఆ దిద్దుబాటు పక్కన నేను, సాక్షులు ఇద్దరూ పొట్టి సంతకాలు చేశాము. కాగితం కదలకుండా సుభాషిణి అంచు పట్టుకుంది.

జోల్వా
తేది: 16 నవంబరు 2025

(సంతకం) దూస సోమలింగం

పై వ్యక్తి మా ఎదుట సంతకం చేయగా, ఆయన ఎదుట మేమూ చేసినవి:

1. (సంతకం) గోపాల్, మగ్గాల ఫిట్టర్, జోల్వా
2. (సంతకం) అనురాధ, నర్సు, కడోదరా