మంగోలియా మేక పగ

పిల్లల పుస్తకాల వెబ్‌సైటు వారికి,

ప్రపంచంలోని బొమ్మల పుస్తకాలన్నీ రకరకాల భాషల్లో ఊరికే చదువుకోమని ఇంటర్నెట్లో పెట్టారు. మీ పుణ్యమా అని కృష్ణానగర్లో నా పరువు పోయింది.

నేను సినిమా కథలు రాసేవాణ్ణి. ఈమధ్య నా కథ వినే నిర్మాత లేడు, మా మనవరాలు కౌముది తప్ప ఎవరూ వినరు. మీ మంగోలియా మేక పుస్తకం ఫోన్లో తెరిచి, ఆ భాష ఒక్క ముక్క రాకపోయినా బొమ్మలు చూసి రోజూ కథ చెప్పేవాణ్ణి. తండ్రిని చంపిన తోడేలు మీద మేక పగబడుతుంది. నీళ్లలో దాని నీడ కనిపించే బొమ్మ దగ్గర ఇంటర్వెల్. అది నీడ కాదు, కవల మేక! పిల్ల ఊపిరి బిగబట్టేది.

మొన్న మీరు దానికి తెలుగు పెట్టారు. పిల్లకి కొత్తగా చదవడం వచ్చింది, గడగడా చదివేసింది. మేక గడ్డి మేసి, నీళ్లు తాగి, ఇంటికెళ్లి పడుకుందట. తోడేలేమో పెంపుడు కుక్కట! ఇదీ ఒక కథేనా అండీ? ఫిల్మ్‌నగర్లో ఇది చెబితే కాఫీ కూడా ఇవ్వరు.

"అన్నీ అబద్ధాలే చెప్పావా తాతయ్యా?" అంది. చెప్పులేసుకుని వీధిలోకి పోయాను.

తెలుగు తీసెయ్యమని అడగడానికే ఈ ఉత్తరం మొదలెట్టాను. ఇంతలో ఆ పిల్లే వచ్చి, ఇద్దరికీ రాని భాషలో ఇంకో పుస్తకం తెరిచి నా చేతిలో పెట్టింది. అట్ట మీద గొడుగు పట్టుకున్న ఏనుగు.

"చెప్పు తాతయ్యా, ఇది ఎవరి మీద పగబట్టింది?"

మేక సంగతి వదిలేయండి. ఈ ఏనుగు జోలికి మాత్రం రాకండి, మీకు దణ్ణం పెడతాను.

మీ పుస్తకాల అసలు రచయిత